మూన్‌ఫేజ్ వాచీ: లెక్క బాగుంది, బొమ్మే తేడా

డయల్‌లో చిన్న కిటికీ పెట్టి అందులో చందమామని తిప్పే వాచీలు ఈమధ్య మామూలు బ్యాటరీ మోడళ్లలో కూడా వస్తున్నాయి, నేను పెట్టుకుంటున్నదీ అలాంటిదే. టైం కరెక్ట్‌గానే చూపిస్తోంది, స్ట్రాప్ కాస్త బిరుసు, అంతకంటే ఆ రెండింటి గురించి చెప్పేదేం లేదు. దీన్ని కొనేది కిటికీ కోసం కాబట్టి దాని సంగతే చూద్దాం.

లోపల ముదురు నీలం పళ్లెం ఒకటి, దాని మీద ఎదురెదురుగా రెండు చందమామలు. రెండెందుకంటే, పళ్లేనికి 59 పళ్లుంటాయి, రోజుకో పన్ను చొప్పున జరుగుతుంది. నెలకి ఇరవై తొమ్మిదిన్నర పళ్లు కావాలి, సగం పన్ను చెక్కలేరు కదా, అందుకని రెండు నెలలు కలిపేశారు. ఎవరికి తట్టిందో గానీ భలే ఐడియా. చంద్రుడు భూమిని చుట్టి వచ్చేది 27 రోజుల చిల్లరలోనే అయినా, ఆ లోపు భూమి కూడా సూర్యుడి చుట్టూ కొంత ముందుకెళ్లిపోతుంది, ఆ దూరం అందుకోవడానికి ఇంకో రెండు రోజులు పైన పడతాయి. అలా అమావాస్య నుంచి అమావాస్యకి సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఈ వాచీ ఆ 44 నిమిషాల్ని వదిలేస్తుంది. అవన్నీ పోగై ఒక రోజు తేడా వచ్చేసరికి రెండున్నరేళ్లు దాటిపోతుంది, అప్పుడు ఒక్కసారి బటన్ నొక్కితే సరి. ఖరీదైన వాటిలో 135 పళ్ల చక్రం పెట్టి, ఒక రోజు తేడాకి 122 ఏళ్లు పట్టేలా చేస్తారు. అది గొప్ప చెప్పుకోవడానికే అని నా అభిప్రాయం, ఎందుకంటే చంద్రుడే సగటు ప్రకారం నడవడు, ఒక్కో నెల కొన్ని గంటలు ముందో వెనకో అవుతూనే ఉంటుంది.

నాకు నచ్చనిది ఆకారం. కిటికీకి రెండు పక్కలా గుండ్రటి మూపురాల్లాంటివి ఉంటాయి, చందమామ ఎడమ మూపురం వెనక నుంచి బయటికొచ్చి కుడిదాని వెనక్కి పోతుంది. నెలవంక వరకు అందంగానే ఉంటుంది. అష్టమి దగ్గరికొచ్చేసరికి ఆకాశంలో అంచు గీత గీసినట్టు నిటారుగా ఉంటే, వాచీలో మాత్రం ఎవరో కొరికినట్టు లోపలికి వంగి ఉంటుంది. ఆ తర్వాత పౌర్ణమి దాకా అసలు చంద్రుడు పొట్ట ముందుకొచ్చినట్టు ఉబ్బుతాడు చూడండి, ఆ ఆకారం ఇందులో ఒక్కరోజు కూడా కనపడదు. గుండ్రటి అడ్డు పెట్టినంత కాలం కనపడదు కూడా.

సెట్ చేసేది పౌర్ణమి రోజైతే మేలు, పైకి చూసి పోల్చుకోవచ్చు; అమావాస్య నాడు పోల్చుకోవడానికేం ఉంటుంది! అదీ సాయంత్రం చంద్రుడు కనపడగానే చేయండి, అర్ధరాత్రికి అటూ ఇటూ పళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, అప్పుడు బలవంతంగా నొక్కితే దెబ్బతింటాయని మాన్యువల్‌లోనే ఉంది. బటన్ పక్కన గుంటలో ఉంటుంది, పిన్ను లేకుండా అందదు, ఆ పిన్ను బాక్సులో ఇవ్వలేదు. దక్షిణార్ధగోళంలో ఉండేవాళ్లకైతే చంద్రుడు ఎడమ పక్క నుంచి వెలగడం మొదలవుతాడు, ఇందులో కుడి నుంచే, కాబట్టి వాళ్లకి బొమ్మ పూర్తిగా తిరగబడినట్టే. ఐదుకి మూడున్నర ఇస్తున్నా, ఆ మూడూ 59 పళ్లకే.