పరీక్షల ప్యాకేజీనా, నడక పోటీలా, పని పరిస్థితుల్లో మార్పా: ఉద్యోగుల ఆరోగ్యానికి ఏది మేలు?

ఉద్యోగుల ఆరోగ్యానికని ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టే సంస్థకు దానిని ఖర్చు చేయడానికి ముఖ్యంగా మూడు మార్గాలు కనిపిస్తాయి. అందరికీ ఏడాదికోసారి పూర్తిస్థాయి వైద్య పరీక్షలు చేయించడం మొదటిది. నడక పోటీలు, బరువు తగ్గే కార్యక్రమాలు, ధ్యానం తరగతులు, మొబైల్ యాప్‌ల సాయంతో అలవాట్లు మార్చే ప్రయత్నం రెండవది. ఉద్యోగి అలవాట్ల జోలికి నేరుగా పోకుండా పని గంటలు, షిఫ్టులు, క్యాంటీన్ వంట, పొగాకు నిబంధనలు వంటి పరిస్థితులనే మార్చడం మూడవది. కాలనీ సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు తమ పరిధిలో ఏదైనా చేయాలనుకున్నప్పుడు వాటి ముందూ దాదాపు ఇవే ఉంటాయి. మూడూ మంచివే కదా, మూడూ చేస్తే పోలేదా అనవచ్చు. అయితే సొమ్ముకీ, అంతకన్నా ముఖ్యంగా యాజమాన్యం శ్రద్ధకీ పరిమితి ఉంది కనుక ముందు దేనికి పెట్టాలో తేల్చుకోక తప్పదు. చాలాచోట్ల ఇప్పుడున్న వరుస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం.

మొదట పరీక్షల సంగతి. ఈ మార్గం యాజమాన్యాలకు ఎందుకు నచ్చుతుందో ఊహించడం కష్టం కాదు. ఒక ల్యాబ్‌తో ఒప్పందం, ఒక రోజు హడావుడి, ఇంతమందికి పరీక్షలు చేయించామని వార్షిక నివేదికలో ఒక అంకె. దానితో పని పూర్తవుతుంది. ఉద్యోగికీ ఉచితంగా ఏదో దక్కిందన్న తృప్తి మిగులుతుంది. ఫలితం మాత్రం ఆ తృప్తికి తగినట్లు లేదు. ప్రత్యేకించి ఏ జబ్బూ ఉన్నట్లు అనుమానం లేనివారికి చేసే సాధారణ వైద్య పరీక్షలపై జరిగిన 17 ప్రయోగాలను, వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2019లో సమీక్షించింది. రెండున్నర లక్షల మందికి పైగా వివరాలు పరిశీలించాక, మొత్తం మరణాలు గానీ, క్యాన్సర్ మరణాలు గానీ, గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు గానీ ఈ పరీక్షల వల్ల చెప్పుకోదగినంతగా తగ్గలేదని తేలింది. డెన్మార్క్‌లో 30 నుంచి 60 ఏళ్ల మధ్య వయసువారు దాదాపు 60 వేల మందితో జరిగిన ఇంటర్99 ప్రయోగంలోనైతే ఒక వర్గానికి పరీక్షలతో పాటు అలవాట్లు మార్చుకోవడానికి పదే పదే సలహాలు కూడా ఇచ్చారు. పదేళ్ల తర్వాత గుండె జబ్బుల్లో ఆ వర్గానికీ, మిగిలినవారికీ తేడా కనిపించలేదు.

ఇందుకు ఒక కారణం మామూలు లెక్కలోనే ఉంది. ల్యాబ్ రిపోర్టులో సాధారణ స్థాయి అని చూపించే హద్దులను చాలా పరీక్షలకు ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని మనిషికైనా ఒక పరీక్షలో హద్దు దాటే అవకాశం 5 శాతం ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒక్కదాని ఫలితమైనా హద్దు దాటే అవకాశం 64 శాతానికి చేరుతుంది. ప్యాకేజీలో పరీక్షలు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మెరుగని ప్రచారం చేస్తారు గానీ, వాటితో పెరిగేది చాలావరకు అనవసరపు కంగారు, దాని వెంట వచ్చే స్కానింగులే. దక్షిణ కొరియాలో జబ్బు లక్షణాలు లేనివారికి థైరాయిడ్ అల్ట్రాసౌండ్ విరివిగా చేయడంతో 2011 నాటికి ఆ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి, కానీ ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి సంఖ్యలో మార్పు రాలేదు. ప్రాణానికి ముప్పు తేని గడ్డల కోసం గ్రంథిని తీయించుకున్నవారు జీవితాంతం మాత్రలు వాడవలసి వచ్చింది.

అలాగని పరీక్షలన్నింటినీ కొట్టిపారేయలేము. రక్తపోటు, తగిన వయసులో షుగర్, స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష, నడివయసు దాటినవారికి పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష వంటి కొన్నింటికి గట్టి ఆధారాలున్నాయి. వీటిలోనూ రక్తపోటుదే మొదటి స్థానం. ఏళ్ల తరబడి లక్షణమేదీ బయటపడకపోయినా కొలవడం సులువు, తగ్గించే మందులూ ఉన్నాయి. అయితే శిబిరాల్లో దానిని కొలిచే తీరు చూస్తే ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో తెలియదు. మెట్లెక్కి వచ్చిన ఉద్యోగిని వరుసలోంచి నేరుగా కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా మీదుగానే పట్టీ చుట్టి, పక్కవారితో మాట్లాడుతుండగానే ఒకసారి కొలిచి, అంకె కాగితం మీద రాసి పంపేస్తారు. పద్ధతి ప్రకారం ఐదు నిమిషాలు మౌనంగా, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోవాలి. పట్టీ ఒంటికే చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. అంతకుముందు అరగంటలో కాఫీ, సిగరెట్ ముట్టకూడదు. కనీసం రెండుసార్లు కొలవాలి. ఇంతకన్నా పెద్ద లోపం తర్వాత వస్తుంది. ఎక్కువ వచ్చినవారు వైద్యుణ్ణి కలిశారా, మందు మొదలైందా, కొన్ని నెలల తర్వాత అంకె దిగిందా అని అడిగే మనిషే ఉండడు. ఆ మనిషి లేని శిబిరం కన్నా, పరీక్షలు తగ్గించి ఆ సొమ్ముతో ఒక నర్సును పెట్టుకోవడం ఎంతో మేలు.

ఇక రెండవ మార్గం. పెట్టిన ప్రతి డాలరుకూ వైద్య ఖర్చుల్లో దాదాపు 3.27 డాలర్లు ఆదా అవుతాయని 2010లో వెలువడిన ఒక విశ్లేషణ ఈ కార్యక్రమాలకు ఊపునిచ్చింది. అయితే అంతకుముందు జరిగిన అధ్యయనాల్లో చాలావాటిలో కార్యక్రమంలో చేరినవారిని చేరనివారితో పోల్చడమే జరిగింది. నడక పోటీకి ముందుగా పేరిచ్చేది అప్పటికే నడిచే అలవాటున్నవారే కదా. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దాదాపు 5 వేల మంది ఉద్యోగులతో జరిగిన ప్రయోగం ఈ చిక్కును విడదీసింది. చేరినవారినీ, చేరనివారినీ పోల్చితే కార్యక్రమం బ్రహ్మాండంగా పనిచేసినట్లు కనిపించింది. లాటరీ పద్ధతిలో అవకాశం పొందినవారినీ, పొందనివారినీ పోల్చితే వైద్య ఖర్చులోనూ, వ్యాయామశాలకు వెళ్లడంలోనూ, సెలవుల్లోనూ తేడా లేదు. 2010 నాటి విశ్లేషణ చేసినవారిలో ఇద్దరు, కాథరిన్ బైకర్, జిరుయి సాంగ్, తామే బీజేస్ హోల్‌సేల్ క్లబ్ అనే అమెరికా దుకాణాల గొలుసులో మరో ప్రయోగం నిర్వహించి 2019లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు 33 వేల మంది ఉద్యోగుల్లో 18 నెలల తర్వాత చూస్తే, కార్యక్రమం నడిచిన దుకాణాల వారిలో వ్యాయామం చేస్తున్నామని, బరువును అదుపు చేస్తున్నామని చెప్పినవారు పెరిగారు. బరువు, రక్తపోటు, కొలెస్ట్రాల్, వైద్య ఖర్చు, గైర్హాజరు మాత్రం మారలేదు. తమ పాత లెక్కను తామే పరీక్షకు పెట్టి, వచ్చింది వచ్చినట్లు చెప్పిన ఆ ఇద్దరినీ మెచ్చుకోవాలి.

పోటీల వల్ల సహోద్యోగుల మధ్య చనువు పెరగవచ్చు, ఆ మేరకు మంచిదే. ఆరోగ్య నిధి మాత్రం అందుకు కాదు. బరువు తగ్గినవారికి నగదు బహుమతులు, తగ్గనివారికి బీమా భారం అనే పద్ధతి ఇంకా అన్యాయం. రెండు షిఫ్టులు చేసి ఇంటి పని కూడా చూసుకునేవారి మీదే ఆ భారం పడుతుంది.

మూడవ మార్గానికి ఆధారాలు పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. లండన్‌లో వైద్య పరిశోధకుడు జెరెమీ మోరిస్ బృందం 1953లో బస్సు డ్రైవర్లనూ, కండక్టర్లనూ పోల్చి చూసింది. రోజంతా రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కి దిగే కండక్టర్ల కన్నా కూర్చుని బండి నడిపే డ్రైవర్లలో గుండె జబ్బు ఎక్కువగా కనిపించింది. కండక్టర్లకు ఎవరూ వ్యాయామం నేర్పలేదు, వారి ఉద్యోగమే నడిపించింది. ఇక్కడా ఇల్లినాయ్ చిక్కు, అంటే ముందే ఆరోగ్యంగా ఉన్నవారే ఒక వైపు చేరడం, ఉండవచ్చని మోరిస్‌కు అనుమానం వచ్చి, ఉద్యోగులకు ఇచ్చిన యూనిఫాం కొలతలు తెప్పించి చూస్తే డ్రైవర్ల నడుము కొలతలే పెద్దవిగా ఉన్నాయి. కాబట్టి తేడా మొత్తాన్నీ మెట్ల ఖాతాలో వేయలేము. అయినా పని స్వభావం ఒంటి మీద పడుతుందన్న ఆలోచన తర్వాతి పరిశోధనల్లో బలపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి వేసిన అంచనా ప్రకారం, వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. వారానికి 60 గంటలు పని చేయించుకుంటూ శనివారం ఒత్తిడి నివారణ తరగతి పెట్టే సంస్థకు ఈ అంకెలు చూపించాలి.

వంటగది సంగతీ ఇంతే. చైనాలో 600 గ్రామాల్లో, పక్షవాతం వచ్చినవారూ, రక్తపోటు ఉన్న పెద్ద వయసువారూ కలిపి దాదాపు 21 వేల మందితో ఒక ప్రయోగం జరిగింది. సగం గ్రామాల్లో మామూలు ఉప్పుకు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఐదేళ్లలో అక్కడ పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో ప్రకటించారు. రుచిలో పెద్ద తేడా లేని ఒక పొట్లం తప్ప ఆ ఇళ్లలో వేరే ఏర్పాటేమీ అవసరం కాలేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ ఉప్పు వాడకూడదు కనుక అందరికీ కలిపి వండే క్యాంటీన్‌లో వైద్య సలహా లేకుండా దీన్ని తీసుకురావడం తగదు. అక్కడ వంటల్లో ఉప్పునే క్రమంగా తగ్గించుకుంటూ రావడం క్షేమం.

ఇదంతా కార్యాలయంలో చేయాలా, నివాస ప్రాంతాల్లోనా అన్నది మరో ప్రశ్న. కార్యాలయంలో మనుషులు రోజూ దొరుకుతారు, నిబంధనను అమలు చేయవచ్చు. ఉద్యోగం లేనివారు, ఇంటిపట్టున ఉండేవారు, పదవీ విరమణ చేసినవారు మాత్రం ఆ గేటు బయటే ఉండిపోతారు. పైగా తన షుగర్ సంగతి పై అధికారికి తెలుస్తుందేమోనన్న భయం కార్యాలయంలో ఉంటుంది, ఆ భయం నిరాధారమని కొట్టిపారేయలేము. లాస్ ఏంజెలెస్‌లో 52 క్షౌరశాలల్లో జరిగి 2018లో ఫలితాలు వెలువడిన ప్రయోగం ఈ విషయంలో నాకు బాగా నచ్చింది. రక్తపోటు ఎక్కువగా ఉన్న నల్లజాతి పురుషులు 319 మందిని అందులో చేర్చుకున్నారు. కొన్ని దుకాణాల్లో క్షురకులు వైద్యుణ్ణి కలవమని చెప్పి ఊరుకున్నారు. మిగిలినచోట్ల ఫార్మసిస్టులే దుకాణానికి వచ్చి, వైద్యుల ఒప్పందంతో మందు రాసిచ్చి, మోతాదు సరిచేశారు. ఆరు నెలల్లో రక్తపోటు పై అంకె (సిస్టోలిక్) మొదటి రకం దుకాణాల్లో సగటున 9 పాయింట్లు, రెండో రకంలో 27 పాయింట్లు తగ్గింది. నమ్మకమున్న చోటు రెండింటిలోనూ ఉంది, చికిత్స అక్కడికే వచ్చింది మాత్రం ఒకదానిలోనే.

కనుక ఒక సంస్థ నిధి నా చేతిలో ఉంటే ముందుగా పని గంటలకు హద్దు, షిఫ్టుల మధ్య నిద్రకు చాలినంత విరామం, ప్రాంగణంలో పొగాకు నిషేధం, క్యాంటీన్ వంటలో మార్పు అనే నాలుగింటి మీద పెడతాను. వీటిలో కొన్నింటికి సొమ్ము కన్నా యాజమాన్యం ఒప్పుకోలే ఎక్కువ కావాలి. పని గంటల దగ్గరే అది కష్టమని తెలుసు. తర్వాత రక్తపోటును పద్ధతిగా కొలిచి, మందు దాకా వెంట ఉండే ఏర్పాటు చేస్తాను. శుభ్రం చేసేవారు, కాపలావారు, కాంట్రాక్టు కార్మికులు ఈ రెండింటిలోనూ మొదటి రోజు నుంచే ఉండాలి. ప్యాకేజీల జాబితాలో సాధారణంగా లేనిది వారి పేర్లే. వ్యక్తిగత ఫలితాలు నర్సు, వైద్యుల దగ్గరే ఉండాలి, హెచ్.ఆర్. విభాగానికి మొత్తం అంకెలు తప్ప ఏవీ వెళ్లకూడదు. ఏడాది చివర యాజమాన్యం అడగవలసింది ఎంతమందికి పరీక్షలు చేశారని కాదు, రక్తపోటు ఎక్కువని తేలినవారిలో ఎంతమందికి అది అదుపులోకి వచ్చిందని.