సర్వర్ సెట్టింగులు ఎక్కడ రాసిపెట్టాలి? ఎట్‌సీకీపర్, డోకువికీ, ఆన్సిబుల్, నెట్‌బాక్స్ ఏళ్ల తరబడి వాడాక

సర్వర్ గురించి ఎవరు వచ్చి అడిగినా చివరికి తేలేవి రెండు ప్రశ్నలు. ఇప్పుడు దీని సెట్టింగ్ ఏముంది? అలా ఎందుకు పెట్టారు? మొదటిదానికి మెషీనే జవాబు చెబుతుంది. రెండోదానికి మార్చిన మనిషి చెప్పాలి, ఆ మనిషి ఉద్యోగం మారితే చెప్పేవాళ్లుండరు. లినక్స్ సర్వర్లు చూసుకునే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. డాక్యుమెంటేషన్ కోసం చేతికందిన టూల్ ప్రతిదాన్నీ ఈ రెండు ప్రశ్నలతోనే తూస్తాను.

అందరూ మొదలుపెట్టేది ఎక్సెల్‌తోనే. దాన్ని తీసిపారేయను. సీరియల్ నంబరు, కొన్న తేదీ, వారంటీ, ఏఎంసీ ఎప్పటివరకు, వెండర్ ఫోన్ నంబరు లాంటివి ఏడాదికోసారి మారతాయి కాబట్టి వాటికి షీట్ సరిపోతుంది. ర్యామ్ ఎంత, ఏ వెర్షన్ నడుస్తోంది, ఏ పోర్ట్ తెరిచి ఉంది అనేవి అందులో ఎక్కిస్తేనే తంటా. మెయిల్లో ఒక కాపీ, డ్రైవ్‌లో ఒక కాపీ, ఎవరి డెస్క్‌టాప్ మీదో ఇంకో కాపీ. మూడింట్లో ఏది సరైనదో సర్వర్లోకి లాగిన్ అయితేగానీ తెలియదు. లాగిన్ కావాల్సి వచ్చాక ఇక షీట్ దేనికి?

నేను అన్నిటికంటే ఎక్కువకాలం వాడిందీ, ఈరోజు కొత్త మెషీన్ ఇస్తే ముందుగా ఎక్కించేదీ ఎట్‌సీకీపర్. జోయీ హెస్ రాసిన ఈ చిన్న టూల్ 2007 నుంచి ఉంది. లినక్స్‌లో సెట్టింగుల ఫైళ్లు ఎక్కువగా ఉండే ఈటీసీ డైరెక్టరీ మొత్తాన్ని గిట్ రిపాజిటరీగా, అంటే ప్రతి మార్పు చరిత్రనూ దాచిపెట్టే ఫోల్డర్‌గా మార్చేస్తుంది. ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసే ముందొకసారి, చేశాక ఒకసారి తనంతట తానే కమిట్ చేస్తుంది, అంటే అప్పటి స్థితిని ఆ చరిత్రలో నమోదు చేస్తుంది. మనం చెప్పడం మరిచిపోయిన మార్పులను రోజుకోసారి పట్టుకుంటుంది. ఫైల్ ఓనర్ ఎవరన్నది గిట్ గుర్తుపెట్టుకోదు, పర్మిషన్లలో కూడా ఎగ్జిక్యూట్ బిట్ తప్ప మిగతావి వదిలేస్తుంది. ఎట్‌సీకీపర్ ఆ వివరాలను విడిగా ఒక ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైల్ లాంటివి ఉన్న చోట ఇది చాలా ముఖ్యం.

దీని అసలు విలువ కమిట్ మెసేజ్‌లో, అంటే మార్పుతో పాటు మనం రాసే చిన్న నోట్‌లో ఉంది. ఒక సర్వర్లో ఎన్‌జింక్స్ వెబ్ సర్వర్ ప్రాక్సీ రీడ్ టైమౌట్ (వెనకున్న అప్లికేషన్ జవాబు కోసం ఆగే గడువు) 300 సెకన్లు ఉంది. డిఫాల్ట్ 60. కొత్తగా వచ్చిన అబ్బాయి అది చూసి, ఎవరో అజాగ్రత్తగా పెంచారనుకుని తగ్గించబోయాడు. తగ్గించే ముందు గిట్ లాగ్ (కమిట్‌ల జాబితా) చూడటం మా టీమ్‌లో అలవాటు. అక్కడ ఇలా ఉంది: "నెలాఖరు జీతాల రిపోర్టు నాలుగు నిమిషాలు పడుతోంది, అందుకే 300. రిపోర్టు బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌గా మారాక 60కి దించండి." రెండు వాక్యాలు. ఏ వికీ పేజీలోనూ ఈ సంగతి ఇంత దగ్గరగా ఉండదు, ఎందుకంటే ఇది మార్పు జరిగిన చోటే, మార్పుతో పాటే రాసింది.

ఇలా రాయించడానికి మాకు బాగా పనికొచ్చింది ఒక సెట్టింగ్. ఇన్‌స్టాల్‌కి ముందు ఆటోమేటిక్ కమిట్ వద్దని ఎట్‌సీకీపర్ కాన్ఫ్ ఫైల్లో చెప్పొచ్చు. అప్పుడు ఈటీసీలో కమిట్ కాని మార్పు ఏదైనా మిగిలి ఉంటే ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ ముందుకు కదలదు. ముందు ఆ మార్పు సంగతి తేల్చమంటుంది. మొదట్లో అందరూ విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. అలాగే రోజువారీ ఆటో కమిట్ కూడా ఆపేయవచ్చుగానీ దాన్ని మాత్రం నేను ఆపను. ఎవరూ కారణం రాయని మార్పు కనీసం ఏ రోజున జరిగిందో దానివల్లే దొరుకుతుంది. ఇంకొక్క షరతు: అందరూ రూట్‌తో (సర్వాధికారాలున్న అకౌంట్‌తో) నేరుగా లాగిన్ అయ్యే చోట లాగ్‌లో అన్నీ రూట్ పేరుతోనే పడతాయి. ఎవరి అకౌంట్‌తో వాళ్లు వచ్చి, ఆ అధికారాలను అప్పటికప్పుడు ఇచ్చే సుడో వాడితే ఎవరి పేరు వాళ్లకు పడుతుంది.

దీని హద్దులు కూడా చెప్పాలి. ఈటీసీ బయట ఉన్నది దీనికి కనబడదు. యూజర్ల క్రాన్‌ట్యాబ్‌లు (వేళకు నడిచే పనుల జాబితాలు) వార్ డైరెక్టరీ కింద ఉంటాయి. కంటైనర్లను ఎలా నడపాలో చెప్పే డాకర్ కంపోజ్ ఫైళ్లు ఎవరికి నచ్చిన చోట వాళ్లు పెడతారు. అన్నిటికంటే మోసం చేసేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. కాన్ఫ్ ఫైల్లో వర్క్ మెమ్ (క్వెరీ పనికి ఇచ్చే మెమరీ) 16 ఎంబీ అని కనబడుతుంది, డేటాబేస్‌లోకి వెళ్లి షో అని అడిగితే 64 ఎంబీ అంటుంది. ఎవరో ఆల్టర్ సిస్టమ్ కమాండ్‌తో మార్చి ఉంటారు. అలా మార్చింది డేటా డైరెక్టరీలోని ఆటో కాన్ఫ్ ఫైల్లోకి వెళ్తుంది, కాన్ఫ్ ఫైల్లో ఉన్నదాన్ని తోసిరాజంటుంది. పోస్ట్‌గ్రెస్ సెట్టింగులన్నీ చూపించే పీజీ సెట్టింగ్స్ వ్యూలో సోర్స్ ఫైల్ అనే కాలమ్ చూస్తే ఆ విలువ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుస్తుంది. అందుకని రాత్రిపూట ఒక చిన్న స్క్రిప్ట్ నడుపుతాను. పీజీ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ కానివి, రిమోట్ లాగిన్లు చూసే ఎస్ఎస్‌హెచ్‌డీ క్యాపిటల్ టీ ఆప్షన్‌తో చూపించే అసలు సెట్టింగులు, మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌లో మనం మార్చినవి, ప్యాకేజీల జాబితా, అన్నీ టెక్స్ట్ ఫైళ్లుగా ఈటీసీలోనే ఒక ఫోల్డర్లో పడతాయి. మిగతాది ఎట్‌సీకీపర్ చూసుకుంటుంది. ఫైల్లో రాసింది వేరు, నడుస్తున్నది వేరు. నమ్మాల్సింది నడుస్తున్నదాన్ని.

ఈ రిపాజిటరీని రిమోట్‌కి పుష్ చేసేవాళ్లు (వేరే సర్వర్‌కి కాపీ పంపేవాళ్లు) జాగ్రత్త. ప్రైవేట్ కీలు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు కూడా ఆ రిపాజిటరీలో ఉంటాయి. బయటి గిట్ సర్వీసుకి పంపనే పంపకండి.

ఇక వికీ, అంటే టీమ్ అంతా కలిసి రాసుకునే పేజీలు. కాన్ఫ్లుయెన్స్, బుక్‌స్టాక్, మీడియావికీ అన్నీ వాడి డోకువికీ దగ్గర ఆగాను. 2004 నుంచి ఉన్న దీనికి డేటాబేస్ అక్కర్లేదు. పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లు. సర్వర్ పడిపోయిన అర్ధరాత్రి, ఎలా లేపాలో రాసిన పేజీ తెరుచుకోవాలి కదా. వికీ కూడా అదే స్టోరేజ్ మీద ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. డోకువికీ డేటా ఫోల్డర్, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో నా ల్యాప్‌టాప్‌లోకి రోజూ వస్తుంది, వెబ్ సర్వర్ లేకపోయినా గ్రెప్ కొట్టి (టెక్స్ట్‌లో వెతికి) చదువుకుంటాను. బుక్‌స్టాక్ చూడ్డానికి అందంగా ఉంటుంది, టెక్నికల్ కాని వాళ్లకు సులువు కూడా. కానీ డేటాబేస్ లేవకపోతే పేజీ లేవదు. ఈ ఒక్క కారణానికే దాన్ని సర్వర్ టీమ్‌కి సిఫార్సు చేయను. వికీలో మేం రాసేది కూడా తక్కువే: సర్వీసు ఎవరిది, దేని మీద ఆధారపడింది, ఏ వరుసలో ఆపాలి, ఏ వరుసలో లేపాలి. ఐపీలు, వెర్షన్లు, పాస్‌వర్డ్‌లు అందులో ఉండవు.

"ప్లేబుక్కే డాక్యుమెంట్" అని, సర్వర్లను ఆటోమేటిక్‌గా సెట్ చేసే ఆన్సిబుల్ వాడేవాళ్లు అంటుంటారు. సర్వర్ ఎలా ఉండాలో రాసిన ఫైలే ప్లేబుక్. మొదటి రోజు నుంచి ప్లేబుక్‌తో కట్టిన సర్వర్ అయితే నిజమే. ఏదీ మార్చకుండా తేడాలు మాత్రం చూపించే చెక్, డిఫ్ ఆప్షన్లతో నడిపితే చేత్తో ఎక్కడ ఏం కెలికారో వరసగా కనబడుతుంది. 2022 ఏప్రిల్ 28న, దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు వచ్చి, సర్వర్ గడియారాలు ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైమ్ సర్వర్లతోగానీ, వాటితో ముడిపడిన వాటితోగానీ కలవాలన్నప్పుడు దీని బలం బాగా తెలిసింది. ఏ మెషీన్లో గడియారం సరిచేసే క్రోనీ ఎటు చూస్తోందో ఒక్క కమాండ్‌తో జాబితా వచ్చేసింది. వికీ మీద ఆధారపడినవాళ్లు ఒక్కో మెషీన్లోకి వెళ్లి చూసుకోవాల్సి వచ్చింది. కానీ పాత టీమ్ వదిలి వెళ్లిన మెషీన్ల దగ్గర ప్లేబుక్‌కి కళ్లుండవు. తాను రాసిన ఫైల్ తప్ప పక్క ఫైల్ దానికి తెలియదు. అలాంటి చోట రెడ్‌హ్యాట్ తరహా లినక్స్‌లో ఆర్‌పీఎం వెరిఫై, డెబియన్‌లో అయితే డెబ్‌సమ్స్ నడిపి, ప్యాకేజీతో వచ్చిన దానికి తేడాగా ఉన్న ఫైళ్లను ముందు పట్టుకోవాలి.

నెట్‌వర్క్, ర్యాకుల వివరాలు రాసిపెట్టుకునే నెట్‌బాక్స్‌ని క్లౌడ్ కంపెనీ డిజిటల్ఓషన్‌లో జెరెమీ స్ట్రెచ్ మొదలుపెట్టారు, 2016లో ఓపెన్ సోర్స్ అయింది. ఐపీ అడ్రసులు, వీల్యాన్‌లు (ఒకే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగాలు), ర్యాకులో ఏ యూనిట్లో ఏముంది, ఏ కేబుల్ ఎక్కణ్నుంచి ఎక్కడికి, వీటికి దీన్ని మించింది నేను చూడలేదు. ఖాళీ ఐపీ కావాలంటే అదే తీసిస్తుంది. ఆన్సిబుల్ ఇన్వెంటరీని (మెషీన్ల జాబితాని) నేరుగా దీన్నుంచే తెచ్చుకోవచ్చు. అయితే ఇది నెట్‌వర్క్‌ని స్కాన్ చేసి నింపుకునే టూల్ కాదు. ఎలా ఉండాలో మనం చెబితే అది గుర్తుపెట్టుకుంటుంది. కేబుల్ మార్చినవాడు అందులో మార్చకపోతే అది కూడా ఎక్సెల్ షీట్‌లాగే తప్పు చెబుతుంది. నడపడానికి పోస్ట్‌గ్రెస్, రెడిస్ అనే రెండు డేటాబేస్‌లు కావాలి, పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా ప్లగిన్లు చూసుకోవాలి. 3.0లో సీక్రెట్స్ విభాగాన్ని తీసేశారు, పాస్‌వర్డ్‌లు దాచడానికి వేరే వాల్ట్ ఉండాలి. ఆ నిర్ణయం నాకు నచ్చింది.

రెండు మూడు ర్యాకులు దాటాక, నెట్‌వర్క్ పని చూసే మనిషి ఒకరు విడిగా ఉన్నప్పుడే దీనికి దిగండి. దిగే ముందు వాళ్ల పబ్లిక్ డెమో సైట్‌లో ఊరూపేరూ లేని ఉత్తుత్తి ర్యాక్ ఒకదాన్ని కేబుళ్లతో సహా ఎక్కించండి, అసలు పేర్లూ ఐపీలూ మాత్రం అందులో పెట్టకండి. ఆ ఓపిక మీ టీమ్‌లో ఎవరికుందో అప్పుడే తెలుస్తుంది.