కొండ ఎక్కే బూట్లు: బీసెంట్ రోడ్డు సందులో ఓపికైన దుకాణం

పేద పిల్లల గుండె శస్త్రచికిత్సలకు విరాళాలు కూడగట్టేందుకు అక్కాబావలతో కలిసి 5,895 మీటర్ల కిలిమంజారో ఎక్కాలని నిశ్చయించుకున్న నేనూ మా ఆవిడా, విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులోని ఒక చిన్న దుకాణంలో బూట్లు కొన్నాము. పగలంతా నడిచిన పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక సాయంత్రమే రమ్మని చెప్పిన యజమాని, మందపాటి మేజోళ్లు తొడిగించి, దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగలకుండా తగినంత ఖాళీ ఉందో లేదో స్వయంగా నొక్కి చూశారు. ఇంత ఓపిక నేను మరెక్కడా చూడలేదు. మూడు నెలలుగా ప్రతి ఆదివారం మంగళగిరి మెట్లు, కొండపల్లి కోట దారి ఎక్కుతున్నా పట్టు తగ్గలేదు, మా ఆవిడ కాలికి ఒక్క బొబ్బ కూడా రాలేదు. నీరు చొరదన్న మాట మాత్రం నిలవలేదు: శ్రావణమాసపు జడివానకు నా ఎడమ బూటు లోపలంతా తడిసింది. మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు గానీ, బావగారి కొలతకు సరిపోయే బూట్లు తెప్పించడానికి మూడు వారాలు పట్టింది.