అరకిలో చేనేత ముక్కల ప్యాక్: గోడ బొంతకు పనికొస్తుందా?

గోడకు తగిలించే చిన్న ఆర్ట్ క్విల్ట్ కుడదామని ఆన్‌లైన్‌లో ఒక చిన్న షాపు నుంచి ఈ ప్యాక్ తెప్పించాను. పెడన కలంకారీ ముక్కలే ఎక్కువ, మంగళగిరి కాటన్ కొంచెం, పోచంపల్లి ఇక్కత్ అయితే మరీ రెండు వేళ్ల వెడల్పు పట్టీలు. కలంకారీ మాత్రం చూడముచ్చటగా ఉంది, కరక్కాయ నీళ్లలో నానిన బట్టకుండే ఆ లేత పసుపు మీద ఎర్ర పువ్వు ఒక్కటి కత్తిరించి మధ్యలో పెడితే సగం పని అయిపోయినట్టే.

ఇక్కత్ అంచులు ముట్టుకుంటే పోగులు ఊడొస్తున్నాయి, వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే పలచటి బట్ట) పెట్టి ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి. ఒక ఎర్ర ముక్క తడపగానే రంగు దిగింది, అందుకే అన్నీ విడివిడిగా ఉతికి ఆరేశాకే కుట్టాలి. మధ్య పొరకు ఇంట్లో పాత టర్కీ టవల్ చాలు, మూడు పొరల్నీ కలిపి చేత్తో రన్నింగ్ కుట్టు వేసుకుంటే సరి.

చిరాకు తెప్పించింది ఏంటంటే, బరువు తూగడానికన్నట్టు పాలిస్టర్ లైనింగ్ ముక్కలు కలిపారు. కాటన్‌కి పెట్టే ఇస్త్రీ వేడికి అవి ముడుచుకుపోతాయి, చేనేత అని చెప్పి ఇవెందుకు? టైలర్‌ని అడిగితే ఊరికే ఇచ్చే ముక్కలకి డబ్బు పెట్టాలా అంటే, కలంకారీ కోసమైతే పెట్టొచ్చు, మామూలు కాటన్‌కైతే దండగ.