రాడ్ హోల్డర్లకు నాలుగు స్టార్లు, వాటితోటి వచ్చిన స్క్రూలకు సున్న

ముందుగాల తీర్పు చెప్పి తర్వాత సంగతులకొస్త. కయాక్ అంటే తెడ్డేసి నడిపే చిన్న పడవ, దాని మీద గాలం కర్ర (రాడ్) నిలబెట్టే ఈ హోల్డర్లు కొనొచ్చు, ప్యాకెట్ల వచ్చిన స్క్రూలు మాత్రం పక్కన పడేయుర్రి. హోల్డర్ మీద ఐదు వందలు మిగిలించుకొని, ఆ పైసలు దాన్ని బిగించే సామాను మీద పెట్టినోడే కయాక్ మీద నిమ్మళంగ గాలం ఏస్తడు.

నేను కొన్నవి రెండు రకాలు. ఒకటి ఫ్లష్ మౌంట్ జత, అంటే పడవ పైభాగంలకు దిగేసి పెట్టే నల్ల ప్లాస్టిక్ గొట్టాలు. రెండోది అల్యూమినియం రైలు, అంటే గాడి ఉన్న పొడుగు పట్టీ, దాని మీద ముందుకు ఎనుకకు జరిగే హోల్డర్, కింద గుండు కీలు ఉంటది, ఎటంటే అటు తిప్పుకోవచ్చు. కయాక్ పదడుగులది, మీద కూసునే రకం, పాలిథిలీన్ ప్లాస్టిక్‌ది. హైదరాబాద్‌ల ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌ల తీస్కున్న. దాని మీద తెడ్డు పెట్టే కొక్కెం తప్ప ఏమీ లేకుండె. నాకు నల్లగొండ జిల్లా హాలియాల మోటార్ వైండింగ్ షాపు. నాట్ల టైంల వోల్టేజీ పడిపోయి మోటార్లు కాలుడు మొదలైతే గాలం ముట్టే తీరిక దొరకది. మిగతా రోజులల్ల నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్, లేకుంటే డిండి రిజర్వాయర్.

ఫ్లష్ మౌంట్ ఎవరు కొన్నా మొదలు అడుగు చూసుకోవాలె. పెద్ద మోటారు పడవల కోసం చేసిన హోల్డర్లకు అడుగు తెరిచి ఉంటది, దానికి పైపు తొడిగి నీళ్లు బయటికి వదులుతరు. అదే తెచ్చి కయాక్‌కు పెడితే తెడ్డు మీద నుంచి కారే నీళ్లు, వాన నీళ్లు అన్నీ సీదా పడవ కడుపులకే. నాకొచ్చినవాటి అడుగు మూసే ఉన్నది. అయినా నమ్మకం లేక రెండింట్ల నీళ్లు నింపి పాత పేపర్ మీద నిలబెట్టి పండుకున్న. తెల్లారి పేపర్ పొడిగనే ఉన్నది. పోత మంచిగుంది, అంచులు ఎక్కడా కొయ్యవు, లోపల రాడ్ పిడి ఆనే కాడ అడ్డపట్టీ గట్టిగున్నది. రబ్బరు మూతలు మాత్రం నాసిరకం. ఒకదాని కొస ఎండకు పగిలి తెగిపోయింది. మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతదని ఆ మూత చేసినోనికి ఎవరూ చెప్పనట్టున్నరు.

ఇగ స్క్రూల కథ. ప్యాకెట్ల ఇచ్చినవి మామూలు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు, పొట్టివి, పైన తళతళ మెరిసే పూత. అయస్కాంతం పెట్టంగనే టక్కున అతుక్కున్నయి. మంచి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే అంత గట్టిగ పట్టుకోదు. పాలిథిలీన్ మెత్తటి సరుకు, పడవ గోడ మందం చూస్తే ఐదారు మిల్లీమీటర్లే. అండ్ల స్క్రూ పళ్లకు పట్టు దొరకది. ఒక చిన్న లెక్క చూడుర్రి. ఏడడుగుల రాడ్ కొస కాడ చేప అడ్డంగ 2 కిలోల బలంతోటి గుంజిందనుకోండి. కొస హోల్డర్‌కు 2 మీటర్ల దూరంల ఉంటది. హోల్డర్ అంచుకు ఉన్న స్క్రూల నడుమ ఎడం 8 సెంటీమీటర్లు. అంటే ఆ స్క్రూ మీద పడే గుంజుడు ఇంచుమించు 50 కిలోలు. రెండు కిలోల చేప కాదు, రెండు కిలోల గుంజుడు! బొచ్చె చేప పెద్దది తగిలితే ఇంకెక్కువనే గుంజుతది. ఈ లెక్క తెలిసినోడు ఎవడూ పొట్టి స్క్రూ మీద వెయ్యి రూపాయల రీలు నిలబెట్టడు. అమ్మినాయనకు ఫోటోలు పెట్టి రాస్తే ఇంకో ప్యాకెట్ అవే స్క్రూలు పంపిండు.

నేనేం చేసిన్నంటే, నల్లగొండ ప్రకాశం బజార్ల తిరిగి స్టీల్ బోల్టులు, ఎడల్పు వాషర్లు, నైలాక్ నట్లు (లూజ్ కాకుండ లోపల నైలాన్ రింగు ఉండేవి) తీస్కున్న. మనది నది నీళ్లు, ఉప్పు నీళ్లు కాదు, 304 సరిపోతది. 316 కావాలని ఎక్కువ పైసలు పెట్టే పని లేదు. హ్యాచ్ మూత తీసి చెయ్యి పెడితే అందే కాడ బోల్టు దిగేసి లోపల మందపాటి పలక పెట్టి బిగించిన. ఆ పలక ఏందంటే, కూరగాయలు కోసే తెల్ల ప్లాస్టిక్ బోర్డు. అదీ పాలిథిలీనే, పడవ ఎంత సాగితే అదీ అంతే సాగుతది, తుప్పు పట్టది, నాని ఉబ్బది. ఇంటామె కొత్త బోర్డు తెచ్చుకుంది, పాతది కయాక్ కడుపుల పడ్డది.

చెయ్యి అందని కాడ రెండు దార్లున్నయి. ఒకటి రబ్బరు వెల్‌నట్టు: రబ్బరు గొట్టంల ఇత్తడి నట్టు ఉంటది, పైనుంచి బోల్టు తిప్పుతుంటే లోపల రబ్బరు బుర్రలెక్క ఉబ్బి గోడను పట్టుకుంటది, నీళ్లు సుత రావు. రెండోది మూడు రెక్కల రివెట్. గన్‌తోటి కొడితే లోపల మూడు కాళ్లు విచ్చుకొని బరువు నాలుగు దిక్కులకు పంచుతది. మామూలు పాప్ రివెట్ కొడితే ఆ చిన్న తల మెత్తటి ప్లాస్టిక్‌ను కోసుకొని బయటికొస్తది. రివెట్ ఒకసారి కొడితే మళ్ల తియ్యాలంటే డ్రిల్ పెట్టాలె కాబట్టి, మార్చేది ఉంటదనుకున్న కాడ వెల్‌నట్లే పెట్టిన.

చానామంది ఎం-సీల్ పూస్తే అయిపోతది, అరాల్డైట్ పెడితే అయిపోతది అంటరు. పాలిథిలీన్‌కు మామూలు జిగుర్లు సరిగ్గ అంటుకోవు. సిలికాన్ సుత రెండు నెలలకు పొరలెక్క లేచొస్తది. నీళ్లు ఆపేది జిగురు కాదు, బోల్టు ఒత్తిడి కింద నలిగే రబ్బరు. లారీ ట్యూబు ముక్క తెచ్చి హోల్డర్ అంచు సైజుకు కోసి గ్యాస్కెట్ చేసిన. పంక్చర్ షాపాయన పైసలు తీస్కోలే. బిగించినంక పడవ కడుపుల బకెట్ నీళ్లు పోసి, హ్యాచ్ మూసి, బోర్లేసి చూసిన. చుక్క కారలే.

బొక్క పెట్టుడు గురించి ఒక ముచ్చట, హోల్డర్ తోటి వచ్చిన కాగితంల ఇది లేదు. గొట్టం బయటి కొలత 52 మిల్లీమీటర్లు. బజార్ల దొరికే హోల్‌సా, అంటే డ్రిల్‌కు పెట్టి గుండ్రటి బొక్క కోసే రంపం, 54ది. సరిపోతది కదా అనిపిస్తది. కానీ గొట్టం నిట్టనిలువుగ దిగదు, 30 డిగ్రీలు వాలి దిగుతది. వాలిన గొట్టానికి కావాల్సింది గుండ్రటి బొక్క కాదు, కోడిగుడ్డు ఆకారం. పొడవు దిక్కు 60 మిల్లీమీటర్లు కావాలె. అందుకే 54 తోటి కోసి, మిగిలింది అర్ధగుండ్రపు ఆకురాయితోటి మెల్లగ రాకిన. డ్రిల్ మిషన్ నెమ్మదిగ తిప్పాలె, స్పీడ్ పెంచితే ప్లాస్టిక్ కరిగి హోల్‌సా పళ్లకు చుట్టుకుంటది. కొయ్యకముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలె, అడుగున ఫోమ్ దిమ్మ ఉందా, పడవ మీద పడ్డ నీళ్లు కిందికి దిగిపోయే గొట్టం గోడ అడ్డమొస్తదా అని. ఆ గొట్టం గోడకు డ్రిల్ తగిలితే ఇగ ఆ పడవ పుట్టి కన్నా పనికిరాదు.

ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. షాపు ముంగట నేల మీద కయాక్ పెట్టి, సీట్ల కూసొని, తెడ్డు చేతుల పట్టుకొని నీళ్లల్ల ఏసినట్టే గాల్ల ఏసి చూసిన. పక్క కిరాణం షాపాయన ఒకటే నవ్వుడు. నవ్వనీ. తెడ్డు కొస ఏడికి పోతుందో చాక్‌పీస్‌తోటి గీసుకొని, ఆ గీతల లోపల హోల్డర్ రాకుండ చూసిన. చెయ్యి ఎనుకకు చాపి, భుజం మెలి తిరగకుండ రాడ్ పిడి అందే కాడ ఫ్లష్ మౌంట్ పెట్టిన. సీటుకు జానెడు ఎనుక, బయటి దిక్కుకు కొంచెం వాల్చి. ఇంకా ఎనుకకు పోతే రాడ్ తీయనీకి మొత్తం ఒళ్లు తిప్పాలె, ఆ తిప్పుట్లనే పడవ ఒరుగుతది.

ఎనుక హోల్డర్లకు ఉన్న లోపం వైజాగ్ కాలనీల ఒక పెద్దాయన ఒక్క మాటల చెప్పిండు. నేరడుగొమ్ము దిక్కున్న ఆ కాలనీవాళ్ల పెద్దలు ఎప్పుడో విశాఖ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ చేపలు పట్టుకుంట స్థిరపడ్డోళ్లు. నా పడవ చుట్టూ తిరిగి చూసి, "కర్రలన్నీ వెనకాల ఎట్టేసుకున్నావు బాబూ, చేప లాగితే నీకెవడు చెప్తాడు?" అన్నడు. నిజమే. ఎనుక హోల్డర్ రాడ్ మోసుకపోనీకి, లూర్ (బొమ్మ ఎర) మార్చుకునేటప్పుడు చేతులు ఖాళీ చేసుకోనీకి. అంతే. కొర్రమట్ట కోసం కప్ప లూర్ ఆడించేటప్పుడు రాడ్ ఎట్లాగూ చేతులనే ఉంటది కాబట్టి అది సరిపోతది. బొచ్చె కోసం పిండి ముద్ద ఎర పెట్టి నీళ్లల్ల వదిలి కూసుంటే మాత్రం రాడ్ కొస కండ్ల ముంగటనే ఉండాలె. అందుకే రైలు హోల్డర్.

ఆ రైలు హోల్డర్ సంగతి. రైలు మంచిదే. పాలిథిలీన్ ఎండకు అల్యూమినియం కన్నా చానా రెట్లు ఎక్కువ సాగుతది కాబట్టి, నడుమ బోల్టు ఒక్కటే టైట్‌గ పెట్టి, రెండు చివర్ల బొక్కలు కొంచెం కోలగ రాకిన. లేకుంటే మధ్యాహ్నానికి పడవ పైభాగం విల్లులెక్క వంగుతది. గుండు కీలు మాత్రం నాకు నచ్చలే. ఖాళీ రాడ్ పెడితే నిలుస్తది. బరువు రీలు, ఆ పైన చేప గుంజుడు తోడైతే మెల్లగ కిందికి జారుతది. మర ఎంత తిప్పినా అంతే, ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ జారుడే. దోస్తు దగ్గర స్కాటీ హోల్డర్ ఉన్నది, కెనడా కంపెనీది. దాని పోస్టుకు చుట్టూ గాడులుంటయి, ఎత్తి తిప్పి గాడిల దిగేస్తే ఇగ కదలది. ధర మాత్రం నా హోల్డర్‌కు ఎన్నో రెట్లు. నేను గుండుకు సైకిల్ ట్యూబు పట్టీ చుట్టి బిగించిన, జారుడు తగ్గింది, పోలే. ఈ హోల్డర్ల రాడ్ పెట్టినప్పుడు డ్రాగ్, అంటే రీలు తిరగకుండ పట్టే బిగువు, లూజ్ చేసి ఉంచుర్రి. చేప గుంజితే రీలు తిరగాలె, హోల్డర్ ఊడొద్దు.

సామాను కోసం కంపెనీ క్రేట్ కొనలే. పాల ప్యాకెట్ల ట్రే ఒకటి దొరికింది, సీటు ఎనుక గుంతల సరిగ్గ పట్టింది. దాని అంచుకు మూడు పీవీసీ ముక్కలు కేబుల్ టైలతోటి కట్టిన, పైకొసల రీలు కాలు దిగేటట్టు గాడి కోసిన. నిట్టనిలువుగ కట్టకుండ ఎనుకకు వాల్చి కట్టుడు మంచిది. బ్యాక్‌వాటర్ల మునిగిన చెట్ల కొమ్మలు తల ఎత్తుల ఉంటయి, తలమీది నుంచి గాలం ఇసిరినప్పుడు సుత మన లూరే పోయి మన రాడ్లనే పట్టుకుంటది. ట్రే అడుగున పాత యోగా మ్యాట్ ముక్క ఏసిన. లూర్ల డబ్బా ప్లాస్టిక్ మీద టకటక కొట్టుకుంటే లోతు తక్కువ కాడ చేప ఉండనే ఉండది. బరువు సామాను అడుగున, నడుమ. ఐస్ డబ్బా, నీళ్ల సీసా ఒక్క దిక్కే పెడితే పడవ అటే ఒరుగుతది, తెడ్డు ఏసినంతసేపు ఒక్క చెయ్యే నొస్తది.

పట్కారు, కత్తెర, రాడ్లు అన్నిటికీ పొట్టి తాళ్లు కట్టిన. పొట్టివే కట్టాలె. పొడుగు తాడు బోల్తా పడ్డప్పుడు కాళ్లకు చుట్టుకుంటది. కత్తి మాత్రం ట్రేల కాదు, లైఫ్ జాకెట్ మీదనే ఉంటది. జాకెట్ ఏసుకోనోడు ఈ రివ్యూ చదివి హోల్డర్ కొనుడు దండుగ. ఎండాకాలం చివరల పడమటి గాలి లేస్తే సాగర్ బ్యాక్‌వాటర్ల అలలు కయాక్ ముక్కు మీదికెక్కుతయి. అప్పుడు ఏ హోల్డర్‌ల ఏ రాడ్ ఉన్నదో ఎవలకు గుర్తుండది. ఇంకొకటి, ఈ నీళ్లల్ల చేపలు పట్టే మత్స్యకారులున్నరు. అక్కడోళ్లను అడగకుండ దిగొద్దు. వానలు పడ్డంక పిల్లల గుంపును కాస్తున్న కొర్రమట్టను పట్టుడు నాకైతే ఇష్టం ఉండది. కప్ప లూర్‌కు అది ఆకలితోటి కాదు, కోపంతోటి వస్తది.

ఫ్లష్ మౌంట్ జతకు నాలుగు స్టార్లు, రైలుకు నాలుగు, గుండు కీలు హోల్డర్‌కు రెండు. బోల్టులు, వెల్‌నట్లు, రివెట్లకు అయిన ఖర్చు హోల్డర్ల ధరల సగం దాకా వచ్చింది, అది కలిపే లెక్కేసుకోండి. తెగిన మూత కంపెనీ విడిగ అమ్ముతలేదు. ప్రస్తుతానికి ఐదు లీటర్ల నూనె క్యాన్ మూత కొంచెం రాకి పెట్టిన, గట్టిగనే కూసుంది. రెండో మూత సుత పగుళ్లు ఇస్తుంది, ఇంకో క్యాన్ ఖాళీ కావాలె.