15,000 ప్యాకేజీ, ఒక సూటు గుడ్డ: అనంతపురంలో ఎవరైనా ఐడీ తీసుకోమంటే జాగ్రత్త

మా అనంతపురంలో, చుట్టుపక్కల ఊర్లలో ఉన్నోళ్లకు చెబుతున్నా. దగ్గరి బంధువు ఎవరైనా వచ్చి "ప్యాకేజీ తీసుకో, ఐడీ యాక్టివేట్ అయితాది, కింద ఇద్దర్ని పెట్టుకుంటే చాలు" అంటే, డబ్బు కట్టకముందు ఒక్కసారి ఇది చదవండి. ఐడీ అంటే ఆ కంపెనీలో మన పేరు మీద ఇచ్చే సభ్యత్వం నంబరు. నేను ఏమీ చదవకుండా కట్టేసినా. కంపెనీ పేరు రాయడం లేదు. వీళ్లకు పేరు మార్చుకోవడం ఒక లెక్క కాదు, పద్ధతి మాత్రం అదే ఉంటాది. ఆ పద్ధతిని గుర్తుపట్టండి.

నాది కమలానగర్‌లో చిన్న టైలరింగ్ షాపు. ఒక ఆదివారం మా ఆడబిడ్డ ఒక "లీడర్"ను వెంటబెట్టుకొని వచ్చింది. ఆడబిడ్డ తెచ్చిన మనిషిని గడప బయట నిలబెట్టి పంపలేం కదా, టీ పెట్టినా. ఆయన నా కొలతల పుస్తకం అందుకొని, వెనక పేజీలో పైన ఒక సున్నా చుట్టి "ఇది మీరు అక్కా" అన్నాడు. దాని కింద రెండు సున్నాలు, వాటి కింద నాలుగు, మళ్లీ ఎనిమిది. లెఫ్ట్‌లో ఒకరు, రైట్‌లో ఒకరు చేరితే ఒక జత, జతకు 1,000. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపల పేజీ నిండిపోయింది. ఆ పేజీకి అవతలి పక్క ఒకామె చేతి పొడవు, చంక చుట్టు కొలతలున్నాయి, అందుకే ఇప్పటికీ చింపకుండా పెట్టుకున్నా.

15,000 కట్టేసినా. వారానికి డబ్బా వచ్చింది. మూడుంబావు మీటర్ల సూటు గుడ్డ, రెండు సీసాల ఏదో జ్యూసు, నా పేరు తప్పుగా అచ్చేసిన సర్టిఫికెట్. గుడ్డ మీద 6,999 అని స్టిక్కరు.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాల. 20 ఏండ్లుగా గుడ్డ మీదే బతుకుతున్నదాన్ని. వేళ్ల మధ్య నలిపితేనే తెలిసిపోయింది. అయినా ఒక పోగు పీకి అగ్గిపుల్ల అంటించినా. ముడుచుకొని, కరిగి, నల్లటి గట్టి ఉండ అయింది. ఒట్టి పాలిస్టరు. పాతూరులో మీటరు 250కి దొరికే సరుకు, బేరమాడితే ఇంకా తగ్గిస్తారు. తెలిసి కూడా నోరు మూసుకున్నా. అప్పటికే నా తలలో గుడ్డ లేదు, కింద పెట్టాల్సిన ఇద్దరు మనుషులున్నారు.

మోసమంతా ఆ పోగులోనే ఉంది. ఐడీ లేకుండా, కమిషన్ ఆశ లేకుండా, అదే గుడ్డను అదే రేటుకు టవర్ క్లాక్ దగ్గర ఎవరన్నా కొంటారా? కొనరు. అంటే నేను కట్టిన 15,000 గుడ్డకు కాదు, లైన్లో చోటుకు. తర్వాత నాకొచ్చిన కమిషన్ కూడా ఎవరో గుడ్డ కొని కట్టుకుంటే వచ్చింది కాదు, నా కింద చేరిన ఇద్దరు కట్టిన 30,000లోంచి వచ్చింది. జతకు 1,000 అన్నారు, టీడీఎస్ అని, సర్వీసు చార్జీ అని కోసి 850 వేసినారు. ఆ 850 చూసుకొని ఎంత మురిసిపోయినానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గైతాది.

నెట్‌వర్క్ మార్కెటింగ్ మొత్తం దొంగదే అని నేననడం లేదు. డైరెక్ట్ సెల్లింగ్‌కు, అంటే అంగడి లేకుండా మనుషుల ద్వారా నేరుగా సరుకు అమ్మే ఇట్లాంటి వ్యాపారానికి, కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద రూల్సే తెచ్చింది. వాటి ప్రకారం చేరడానికి ఫీజు తీసుకోకూడదు. మనిషిని చేర్చినందుకు డబ్బు ఇవ్వకూడదు, సరుకు అమ్ముడుపోతేనే కమిషన్. మనం అమ్ముకోగలిగిన దానికన్నా ఎక్కువ సరుకు మన నెత్తిన రుద్దకూడదు. రాతపూర్వకంగా ఒప్పందం ఉండాల, మనసు మార్చుకుంటే బయటపడడానికి గడువుండాల, అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకోవాల. ఇంటికి వచ్చే మనిషి ముందే చెప్పి రావాల, వెంట గుర్తింపు కార్డు ఉండాల. మా ఇంటికొచ్చినాయన మెడలో బంగారు గొలుసు తప్ప ఇంకేమీ లేదు.

పిరమిడ్ స్కీమ్, అంటే కింద మనుషులను చేర్చుకుంటూ పోతేనే డబ్బొచ్చే స్కీము అయితే, ఆ రూల్స్‌లోనే నిషేధం. అంతకు ముందునుంచే 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం ఉంది. ఇది బాగా వినండి. ఆ చట్టంలో తప్పు నడిపేవాడిది ఒక్కడిదే కాదు, చేరినోళ్లదీ, ఆ డబ్బు పుచ్చుకున్నోళ్లదీ కూడా. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. పక్కనున్న కర్నూలు పోలీసులు 2014లో దేశమంతా పేరున్న ఒక కంపెనీ సీఈఓనే గుర్గావ్‌లో అరెస్టు చేసి తీసుకొచ్చింది ఈ చట్టం కిందనే. ఇక బ్లౌజులు కుట్టుకునే నేనెంత! నా 850 గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"మాది గవర్నమెంట్ అప్రూవ్డ్" అని జూమ్ మీటింగుల్లో ఒకటే ఊదరగొట్టినారు. చూపించింది జీఎస్టీ నంబరు, కంపెనీ రిజిస్ట్రేషన్ కాగితం. జీఎస్టీ నంబరు మా వీధి చివర ఇనుప సామాన్ల అంగడికి కూడా ఉంది. అది పన్ను కట్టడానికి, స్కీము మంచిదని చెప్పడానికి కాదు.

ఆ సున్నాల లెక్క మా పెద్దోడు తేల్చినాడు, డిగ్రీ చదువుతున్నాడు. నా కింద 2, దాని కింద 4, అట్లా పోతే 17వ వరుస నిండేసరికి నాతో కలిపి 2,62,143 మంది కావాల. 2011 జనాభా లెక్కల్లో మన అనంతపురం టౌను మొత్తం సుమారు 2,61,000. ఉయ్యాల్లో పిల్లోళ్లు, మంచంలో ముసలోళ్లతో సహా ఊరు అయిపోయింది. 18వ వరుస ఒక్కదానికే ఇంకో అనంతపురం కావాల. ఇంకొకటి కూడా చూపించినాడు: స్కీము ఎప్పుడు ఆగిపోయినా, మొత్తం మందిలో సగానికి పైగా చివరి వరుసలోనే ఉంటారు, వాళ్లకు కింద ఒక్కరూ ఉండరు. లీడర్ గీసిన పేజీలోనే ఉంది ఈ సంగతి. నేను పైనున్న సున్నానే చూసినా, కింది వరుస చూడలేదు.

పన్నెండో రోజు డబ్బు వెనక్కివ్వమని ఆ లీడర్‌ను అడిగినా. "సీలు తీసినారు కదక్కా" అన్నాడు. సీలు తీయకుండా గుడ్డ ఎట్లా చూస్తారు? ఒప్పందం కాగితం అడిగితే "ఆన్‌లైన్లో మీరే ఓటీపీ చెప్పినారు" అన్నాడు. మరుసటి రోజు నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేసినారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినా. రూల్స్ ప్రకారం కంపెనీ 48 పనిగంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాల, నెలలో తేల్చాల. నెల దాటింది, ఏ కబురూ లేదు. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మాటలు, ఆ కొలతల పుస్తకం పేజీ అన్నీ దాచిపెట్టినా, పోలీసు స్టేషన్‌కు పోవాలనుకుంటున్నా. మీరు కూడా ఇరుక్కొని ఉంటే గ్రూపులోంచి తీసేయకముందే అన్నీ దాచిపెట్టుకోండి.

మా ఆడబిడ్డను తిట్టుకోవడం లేదు. ఆమె కింద నేను చేరినట్టే, ఆమె ఇంకెవరి కిందనో చేరింది. ఆమె డబ్బూ పోయింది. నేను చేర్చిన ఇద్దర్లో ఒకడు మా తమ్ముడు, వాడు ఏమీ అనలేదు. ఇంకొకామె నా దగ్గర కుట్టించుకునే అంగన్‌వాడీ టీచరు. ఆమెకు మొహం చూపించలేక, 15,000కు బదులు లైనింగ్ బ్లౌజులు కుట్టి ఇస్తానని ఒప్పుకున్నా. ఒకటి 350 లెక్కన 43. ఇప్పటికి 12 కుట్టిచ్చినా.