విదేశీ బడిలో టీచరు ఉద్యోగం: ఇంగ్లండ్, అమెరికా, దుబాయ్‌లలో ఏది మేలు?

మెగా డీఎస్సీ 2025లో 16,347 పోస్టులు వచ్చినా, కర్నూలు, అనంతపురం, కడపల్లో బీఈడీ పూర్తిచేసి ప్రైవేటు పాఠశాలల్లో పనిచేస్తున్న ఎంతోమందికి ఉద్యోగం దక్కలేదు. వారిలో కొందరు ఇప్పుడు విదేశాల వైపు చూస్తున్నారు. అనంతపురంలో చాలాకాలంగా గణితం చెబుతూ, ఇలా వెళ్లదలచినవారి కాగితాలు చూసిపెట్టే అలవాటున్న నన్ను అందరూ ముందుగా అడిగేది జీతం గురించే. ఆ దేశం కోరే అర్హతను సంపాదించుకున్నాక, రేపు ఆ ఉద్యోగం పోయినా మన చేతిలో ఏం మిగులుతుందన్నది అంతకంటే ముందు తేల్చుకోవాలని నా గట్టి నమ్మకం.

ఆ లెక్కన చూస్తే ఇంగ్లండ్ ముందుంటుంది. అక్కడ క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్, వాడుకలో క్యూటీఎస్, అనే గుర్తింపు ఉంది. 2023 నుంచి భారతదేశంలో శిక్షణ పొందినవారు కూడా దానికి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీ, ఉపాధ్యాయ శిక్షణ, కనీసం ఒక విద్యాసంవత్సరం బోధన అనుభవం ఉండాలి. ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని పరీక్ష ద్వారా చూపేవారు బీ2 స్థాయి (ఐరోపా భాషా ప్రమాణాల్లో మధ్యస్థానికి పైమెట్టు) తెచ్చుకోవాలి. మన దేశం నుంచి దరఖాస్తు చేసేవారికి మరో షరతు కూడా ఉంది: 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు గణితం, సైన్సు లేదా భాషలు బోధించే అర్హత ఉన్నవారికే ఈ అవకాశం. సోషల్ టీచర్లకు, డీఈడీ చేసి ప్రాథమిక తరగతులు చెప్పేవారికి ఈ దారి మూసుకుపోవడం నాకు బాధ కలిగించే విషయం. దరఖాస్తుకు రుసుము లేదు, ఇంట్లో కూర్చునే పంపవచ్చు. వచ్చిన గుర్తింపు మాత్రం పాఠశాలది కాదు, టీచరుది.

అయితే క్యూటీఎస్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. విదేశీయులను నియమించుకునేందుకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే స్పాన్సర్ లైసెన్సు ఉన్న పాఠశాల తీసుకుంటేనే స్కిల్డ్ వర్కర్ వీసా వస్తుంది. 2025-26లో లండన్ ప్రాంతం వెలుపల కొత్త టీచరు వేతనం ఏడాదికి 32,916 పౌండ్ల నుంచి మొదలవుతుంది కానీ, అందులోంచి పన్ను పోతుంది. వీసా రుసుముకు తోడు ఆరోగ్య సర్‌చార్జి పెద్దవారికి తలకు ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున, వీసా కాలానికంతా ముందుగానే కట్టాలి. మూడేళ్ల వీసాకు భార్యాభర్తలిద్దరికీ కలిపి 6,210 పౌండ్లు అవుతుంది. ఈ డబ్బు ఎక్కడినుంచి తేవాలో ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఈ దారిలో మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది చదువు దగ్గర కాదు, అనుభవం రుజువు దగ్గర. అనుభవాన్ని నిర్ధారించడానికి పాఠశాలలోని బాధ్యుల ఈమెయిలుకు అక్కడి అధికారులు లేఖ పంపుతారు. జీతం చేతికి నగదుగా ఇచ్చి, హాజరు పట్టీలో సంతకం తప్ప మరే ఆధారమూ ఉంచని చిన్న పాఠశాలలో ఆరేళ్లు ఫిజిక్స్ చెప్పిన ఒక అమ్మాయికి, కరస్పాండెంటుకు ఈమెయిలే లేకపోవడం వల్ల నెలల తరబడి పని నిలిచిపోయింది. ఇంటిపేరుతో మరో చిక్కు. పదో తరగతి మెమోలో ఒక్క అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు చేరుతుంది. ఈ మూడూ ఒకే మనిషివని విదేశీ అధికారికి తెలిసే మార్గం లేదు. కాబట్టి ఏ దేశానికి వెళ్లాలనుకున్నా, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో చదివినవారు ప్రొవిజనల్‌తో సరిపెట్టుకోకుండా అసలు పట్టా తీసుకుని, పేర్లను ముందే సరిచేసుకోవాలి.

అమెరికాలో టీచర్లకు తెరిచి ఉన్న ప్రధాన మార్గం జే-1 అనే తాత్కాలిక వినిమయ (ఎక్స్ఛేంజ్) వీసా. డిగ్రీ, కనీసం రెండేళ్ల అనుభవం, గుర్తింపు పొందిన స్పాన్సర్ సంస్థ ఉండాలి. గడువు మూడేళ్లు, పొడిగిస్తే మరో ఏడాది లేదా రెండేళ్లు. ఆ తరువాత వెనక్కి రావలసిందే, మళ్లీ అదే వీసాపై టీచరుగా వెళ్లాలంటే రెండేళ్లు బయట ఉండాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా ద్వారా నిలదొక్కుకుందామంటే, 2025 సెప్టెంబరు 21 నుంచి విదేశాల్లో ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము పెట్టారు. దాన్ని భరించి టీచరును తెచ్చుకునే బడులు ఎన్ని ఉంటాయి? తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నవారికే జే-1 మంచిది.

దుబాయ్‌లో సీబీఎస్ఈ పాఠశాలలు చాలా ఉన్నాయి కనుక మన బీఈడీకి, మన సిలబస్ అనుభవానికి నేరుగా విలువ ఉంటుంది. సోషల్ టీచర్లకూ చోటుంటుంది. ఆదాయపు పన్ను లేదు. ఏడాది పూర్తిచేసినవారికి ఉద్యోగం వదిలేటప్పుడు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. టీచరు నియామకానికి అక్కడి విద్యా నియంత్రణ సంస్థ కేహెచ్‌డీఏ ఆమోదం కావాలి. ఒక్క ముద్రతోనే పత్రాలను అంగీకరించే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఇంగ్లండ్, అమెరికాలు ఉన్నా యూఏఈ లేదు కనుక, పట్టాపై రాష్ట్ర విద్యాశాఖ, మన విదేశాంగ శాఖ, యూఏఈ రాయబార కార్యాలయం వరుసగా ముద్ర వేయాలి. కష్టమైన పనేమీ కాదు, ఓపిక కావాలి. కానీ ఆ ఆమోదం, వీసా రెండూ ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంటాయి. బడి వద్దంటే కొద్ది నెలల్లోనే మరో బడి చూసుకోవాలి, లేదా ఇంటికి రావాలి.

గణితం, సైన్సు చెప్పేవారు ముందుగా క్యూటీఎస్‌కు దరఖాస్తు చేసి, అది చేతిలో పెట్టుకుని దుబాయ్‌లోని బ్రిటిష్ సిలబస్ పాఠశాలలనూ ప్రయత్నించడం మేలని నా అభిప్రాయం. ఆ పాఠశాలలు దానికి విలువనిస్తాయి. మిగతా సబ్జెక్టులవారికి గల్ఫ్‌లోని సీబీఎస్ఈ పాఠశాలలే సరైన దారి, ముఖ్యంగా కడప ప్రాంతంలో చాలా ఇళ్లకు అక్కడ బంధువులుంటారు కనుక. ఏజెంటును ఆశ్రయించేవారు మాత్రం మన విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని రిజిస్ట్రేషన్ చూడాలి. రిజిస్టరైన ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే పాస్‌పోర్టు అతని చేతికి ఇవ్వకుండా లేచి రావాలి.